క్రయోనిక్స్, మత విశ్వాసం: దహనం జరగని దేహానికి కర్మకాండ ఎలా?

కృష్ణాతీరం (చర్చను ప్రారంభించిన సభ్యుడు)

సభ్యులందరికీ నమస్కారం. మా పెదనాన్నగారి పెద్దబ్బాయి చాలాకాలంగా అమెరికాలో స్థిరపడ్డారు. తాను మరణించిన వెంటనే శరీరాన్ని దహనం చేయకుండా ద్రవ నత్రజనిలో భద్రపరచాలని, వైద్యం ఎదిగిన నాడు తనను మళ్లీ బ్రతికించే ప్రయత్నం చేయాలని కోరుతూ ఆయన అక్కడి క్రయోనిక్స్ సంస్థ ఒకదానితో ఒప్పందం చేసుకున్నారు. జీవిత బీమా సొమ్ము ఆ సంస్థకు చేరేటట్లు పత్రాలు కూడా పూర్తయ్యాయి. అన్నయ్య నాస్తికులు కారు. సంధ్యావందనం మానని మనిషి, ఏటా మా పెదనాన్నగారి తద్దినం శ్రద్ధగా పెట్టే మనిషి. అందుకే ఇంట్లో ఎవరికీ ఈ నిర్ణయం ఒక పట్టాన అర్థం కావడం లేదు.

వదినగారు నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే: "దహనం లేకపోతే పదో రోజు ఏమి చేయాలి, తద్దినం ఏ తిథికి పెట్టాలి, అసలు ఆయన పోయారని అనుకోవాలా, ఉన్నారని అనుకోవాలా?" నా దగ్గర సమాధానం లేదు. క్రయోనిక్స్ సఫలమవుతుందా, అది వృథా ఖర్చా అన్న వాదన ఇతర చోట్ల చాలా జరిగింది. విశ్వాసం ఉన్న కుటుంబం ఈ నిర్ణయాన్ని ఎలా స్వీకరించాలి అన్న విషయంపైనే మీ అభిప్రాయాలు తెలియజేయవలసిందిగా కోరుతున్నాను. ఇతర మతాల సభ్యులు కూడా తమ సంప్రదాయం ఏమంటుందో చెబితే మేలు.

మత్తువైద్యుడు

శస్త్రచికిత్స గదిలో మత్తుమందు ఇచ్చే వైద్యుడిగా, ముందుగా అసలు జరిగే ప్రక్రియను వివరిస్తాను. అది తెలియకుండా మతపరమైన చర్చ గాలిలో సాగుతుంది.

వైద్యుడు మరణాన్ని చట్టబద్ధంగా ధ్రువీకరించిన తరువాత మాత్రమే క్రయోనిక్స్ బృందం పని మొదలుపెట్టగలదు. అయితే ఆ క్షణం నుంచి నిమిషాలతో పందెం. పక్కనే సిద్ధంగా ఉంచిన తొట్టిలోకి శరీరాన్ని చేర్చి, చుట్టూ ఐసు ముక్కలు, చల్లని నీళ్లు నింపుతారు. మెదడుకు రక్తం అందడం కోసం యంత్రంతో ఛాతీని నొక్కుతూ ఉంటారు. రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు. ఆ తరువాత రక్తాన్ని తొలగించి, మంచు స్ఫటికాలు ఏర్పడకుండా అడ్డుకునే ద్రావణాన్ని రక్తనాళాల్లోకి పంపి, శరీరాన్ని క్రమంగా మైనస్ 196 డిగ్రీల సెల్సియస్ వరకు చల్లబరుస్తారు. కణజాలం మంచుగడ్డగా మారకుండా గాజులాంటి ఘనస్థితికి రావాలన్నది వారి లక్ష్యం.

ఇప్పుడు ఈ దృశ్యాన్ని మన ఇళ్లతో పోల్చి చూడండి. ప్రాణం పోయే వేళకు మనిషిని నేల మీదికి దింపుతాం, నోట్లో తులసి తీర్థం పోస్తాం, కొడుకు తలను ఒళ్లో పెట్టుకుంటాడు. క్రయోనిక్స్‌లో సరిగ్గా ఆ సమయంలోనే కుటుంబం గదిలో ఒక పక్కకు తప్పుకోవాలి. వదినగారికి ఎదురయ్యే తొలి కష్టం పదో రోజున కాదు, ఆ తొలి పది నిమిషాల్లోనే ఉంటుందని నా అభిప్రాయం. దాని గురించి మీ అన్నయ్యగారితో ఆయన ఆరోగ్యంగా ఉన్నప్పుడే మాట్లాడండి. తీర్థం పోయడం ధ్రువీకరణకు ముందే జరగవచ్చు, దానికి ఎవరూ అడ్డుచెప్పరు.

ఇంకో మాట కూడా స్పష్టంగా చెప్పాలి. 1967 జనవరి 12న జేమ్స్ బెడ్‌ఫోర్డ్ అనే మనస్తత్వశాస్త్ర ఆచార్యుని శరీరాన్ని తొలిసారిగా ఇలా భద్రపరిచారు. అది నేటికీ అరిజోనాలోని ఆల్కార్ సంస్థలో ఉంది. ఆయన తరువాత వందల మందిని భద్రపరిచారు. వారిలో ఒక్కరినీ తిరిగి బ్రతికించలేదు, బ్రతికించే విధానమూ నేడు లేదు. 2023లో మినెసోటా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఎలుక మూత్రపిండాన్ని వంద రోజుల వరకు అతిశీతల స్థితిలో నిల్వ ఉంచి, తిరిగి వేడిచేసి, మరో ఎలుకకు అమర్చగలిగారు. ఒక అవయవం వరకు వచ్చిన ప్రగతి అది. సంపూర్ణ మానవ శరీరానికి, అందులోనూ మెదడుకు, ఇంకా చాలా దూరం ఉంది.

అగ్నిహోత్రం

నేను పౌరోహిత్యం చేసేవాడిని. నా మాట కఠినంగా ఉంటే మన్నించండి. "భస్మాంతగ్ం శరీరమ్" అని ఈశావాస్యోపనిషత్తు చెప్పింది. దేహం పంచభూతాల నుంచి అప్పు తెచ్చుకున్నది, దానిని తిరిగి అప్పగించడమే అంత్యేష్టి. అది గృహస్థుకు చివరి సంస్కారం. ఆ సంస్కారం జరిగి, పది రోజుల పిండప్రదానం, సపిండీకరణం (మృతుని పిండాన్ని పితరుల పిండాలతో కలిపే కర్మ) పూర్తయితేనే ప్రేతత్వం పోయి పితృదేవతల వరుసలో చేరతాడని మన నమ్మకం. శరీరాన్ని శతాబ్దాల పాటు ఉక్కు పాత్రలో నిలిపి ఉంచితే, ఆ జీవుడిని గుమ్మం దగ్గరే నిలబెట్టినట్లు అవుతుంది. వెళ్లనివ్వరు, రానివ్వలేరు.

పైగా దేహం మీద మమకారాన్ని విడవడానికే మన శాస్త్రం ఇంత కర్మకాండను పెట్టింది. చితి చుట్టూ తిరుగుతూ కుండకు చిల్లులు పెట్టి, చివరికి వెనుకకు పడవేసి, తిరిగి చూడకుండా రమ్మంటాం. ఆ "తిరిగి చూడకు" అన్న మాటలోనే అంతా ఉంది. క్రయోనిక్స్ తిరిగి చూస్తూనే ఉండమంటుంది.

ధర్మశోధిని

అగ్నిహోత్రం గారి మాటలో బలం ఉంది. అయితే దేహాన్ని నిలిపి ఉంచడం మన సంప్రదాయానికి పూర్తిగా పరాయి విషయమన్న అభిప్రాయం కలగకూడదని కొన్ని సందర్భాలను గుర్తు చేస్తున్నాను.

భరతుడు మేనమామ ఇంటి నుంచి వచ్చేదాకా దశరథుని దేహాన్ని తైలద్రోణిలో, అంటే నూనె నింపిన తొట్టిలో ఉంచారు. కొడుకు చేతి సంస్కారం కోసం జరిగిన ఆలస్యం కనుక అది మన ప్రశ్నకు కొంత దూరం. యోగవాసిష్ఠంలోని లీలోపాఖ్యానం చాలా దగ్గరగా ఉంటుంది. భర్త మరణిస్తే అతని జీవం ఆ మందిరం దాటి పోకూడదని లీల సరస్వతీదేవిని వరం కోరుతుంది. రాజు మరణించాక అతని దేహాన్ని పూలరాశిలో ఉంచుతుంది. అది వాడదు, చెడదు. ఎన్నో లోకాల ప్రయాణం తరువాత రాజు తిరిగి లేస్తాడు. భర్త దేహాన్ని కాపాడుకుంటూ ఎదురుచూసిన స్త్రీని ఆ గ్రంథం తప్పుపట్టలేదు.

అన్నింటికంటే నన్ను ఆలోచింపజేసేది భాగవతం నవమ స్కంధంలోని నిమి చక్రవర్తి కథ. నిమి సత్రయాగం చేస్తుండగా వసిష్ఠుని శాపం వల్ల దేహం పడిపోతుంది. యాగం ముగిసేదాకా ఋషులు ఆ దేహాన్ని సుగంధ ద్రవ్యాలలో భద్రపరుస్తారు. యాగం పూర్తయ్యాక దేవతలు ప్రత్యక్షమైతే, మా రాజును బ్రతికించండి అని ఋషులు అడుగుతారు, దేవతలు సరేనంటారు. అంటే దేహం భద్రంగా ఉంది, బ్రతికించే శక్తి ఉన్నవారు ఎదురుగా ఉన్నారు, అనుమతి కూడా లభించింది. అప్పుడు నిమి, నాకు మళ్లీ దేహబంధం వద్దు అంటాడు. దేహం ఎప్పటికైనా వదలవలసినదే కనుక, వియోగభయంతో దానిలో ఉండడం జ్ఞానులు కోరరని అతని వాదం.

ఇక్కడ ఋషులు చేసింది పాపమని భాగవతం అనలేదు. భద్రపరచడాన్ని తప్పు అనలేదు, తిరిగి రావడాన్ని అసాధ్యం అనలేదు. తిరిగి రావాలని కోరుకోవాలా అన్న నిర్ణయాన్ని మాత్రం వెళ్లిపోయిన జీవుడికే వదిలింది. కృష్ణాతీరం గారూ, మీ అన్నయ్యగారితో మాట్లాడేటప్పుడు ఈ కథను తప్పక ప్రస్తావించండి. సంధ్యావందనం చేసే మనిషి కనుక నిమికి ఆయన ఏమి సమాధానం చెబుతారో తెలుసుకోవాలని నాకు నిజంగా ఉంది.

తర్కజ్యోతి

నేను దైవాన్ని నమ్మను. అయినా ఈ చర్చను గౌరవంతో చదువుతున్నాను.

నమ్మకం, శీతలీకరణ కలిసిన కేసు మన దేశంలోనే ఒకటి నడిచింది. పంజాబ్‌లోని నూర్‌మహల్ కేంద్రంగా ఉన్న దివ్యజ్యోతి జాగృతి సంస్థాన్ అధిపతి ఆశుతోష్ మహారాజ్ 2014 జనవరి 29న మరణించినట్లు వైద్యులు నిర్ధారించారు. ఆయన సమాధి స్థితిలో ఉన్నారని, తిరిగి వస్తారని శిష్యులు నమ్మి, దేహాన్ని ఫ్రీజర్‌లో ఉంచారు. తాను ఆయన కుమారుడినని చెప్పుకున్న ఒక వ్యక్తి అంత్యక్రియలు జరిపించాలని న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. పంజాబ్, హర్యానా హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం 2014 డిసెంబరులో అంత్యక్రియలకు ఆదేశించింది. ద్విసభ్య ధర్మాసనం 2017 జూలైలో ఆ ఆదేశాన్ని పక్కనపెట్టి, దేహాన్ని భద్రపరచుకోవడానికి అనుమతించింది.

ఒకరు యోగశక్తి మీద, ఇంకొకరు భవిష్యత్తు వైద్యం మీద నమ్మకం పెట్టుకున్నారు. ఎదురుచూసే కుటుంబం మీద పడే భారం మాత్రం రెండింటిలోనూ ఒకటే. మా వంటివారు చాలామంది శరీరాన్ని వైద్య కళాశాలకు దానం చేస్తారు. తెలుగునాట హేతువాద కుటుంబాల్లో అది ఏనాటి నుంచో ఉన్న పద్ధతి. దానివల్ల విద్యార్థులకు చదువు లభిస్తుంది, అవయవదానం అయితే మరొకరికి ఆయుష్షు లభిస్తుంది. క్రయోనిక్స్ ఎంచుకున్న మనిషి ఆ అవకాశాన్ని దాదాపుగా వదులుకున్నట్లే. నాకున్న అభ్యంతరం అదే. అది మతం లేని అభ్యంతరం, కానీ మతం ఉన్నవారు కూడా ఆలోచించదగినది.

సీయోనుబాట

క్రైస్తవ విశ్వాసిగా నా మాట. శరీర పునరుత్థానం మా విశ్వాస ప్రమాణంలోనే ఉంది కనుక, క్రైస్తవులకు క్రయోనిక్స్ సహజంగా నచ్చుతుందని కొందరు భావిస్తారు. నా అవగాహన వేరు. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పదిహేనవ అధ్యాయంలో, విత్తబడేది ఒక విధమైన శరీరమని, లేపబడేది మరొక విధమైన శరీరమని చెబుతాడు. దేవుడు లేపడానికి దేహం చెడకుండా ఉండవలసిన అవసరం లేదు. అలా ఉంటేనే సాధ్యమైతే విశ్వాసం కోసం సింహాల పాలైన హతసాక్షుల సంగతేమిటి?

మరోవైపు, లాజరు సమాధిలో నాలుగు రోజులు ఉండి తిరిగి లేచాడు. లేచినవాడు మళ్లీ సాధారణ జీవితమే జీవించాడు. క్రయోనిక్స్ సఫలమైనా అది లాజరు విషయంలో జరిగినట్టిదే అవుతుంది, ఆయుష్షు పొడిగింపే అవుతుంది, నిత్యజీవం కాదు. ఆ తేడా తెలిసి ఒక విశ్వాసి దానిని చికిత్సగా కోరుకుంటే పాపమని నేను అనలేను. మరణభయంతో దానినే రక్షణగా భావిస్తే మాత్రం అది విగ్రహారాధనకు దగ్గరవుతుంది.

ఒక చారిత్రక విషయం కూడా చెప్పాలి. మాస్కోలో గ్రంథాలయ ఉద్యోగిగా జీవించిన నికొలాయ్ ఫ్యొదొరొవ్ (1829–1903) భక్తిగల ఆర్థడాక్స్ క్రైస్తవుడు. మరణించిన పూర్వీకులందరినీ విజ్ఞానశాస్త్ర సాయంతో తిరిగి లేపడం మానవజాతి ఉమ్మడి కర్తవ్యమని ఆయన బోధించాడు. జన్మనిచ్చిన తండ్రుల పట్ల కుమారులు తీర్చవలసిన బాధ్యతగా ఆయన దానిని చూశాడు. మీరు పితృఋణం అనేదానికి ఇది ఎంత దగ్గరగా ఉందో గమనించండి. తాను బ్రతకాలన్న కోరిక కంటే, పోయినవారిని తిరిగి తేవాలన్న కోరికలో నాకు ఎక్కువ ప్రేమ కనిపిస్తుంది.

రహమత్ కర్నూలు

నేను ఫత్వా చెప్పే స్థాయివాడిని కాను, సామాన్య ముస్లింగా చెబుతున్నాను. మాలో మయ్యత్‌కు గుస్ల్ (స్నానం) చేయించి, కఫన్ (శవవస్త్రం) తొడిగి, జనాజా నమాజు (అంత్యప్రార్థన) చదివి, వీలైనంత త్వరగా ఖననం చేయడం పోయినవారికి బ్రతికున్నవారు చెల్లించవలసిన హక్కు. దానిని నిరవధికంగా వాయిదా వేయడం ఆ హక్కును నిలిపివేయడమే అని మా పెద్దలు అంటారు. ఖురాన్‌లోని కహఫ్ సూరాలో గుహలో నిద్రించిన యువకులు 309 సంవత్సరాల తరువాత లేస్తారు. లేచి, ఒక రోజో, అందులో కొంత భాగమో నిద్రపోయామనుకుంటారు. అంత నిద్రను ఇచ్చినవాడు, లేపినవాడు అల్లాహ్. వారు తమంతట తాము ఏర్పాటు చేసుకున్న నిద్ర కాదు అది. నాకు ఆ తేడా ముఖ్యం.

మత్తువైద్యుడు

అగ్నిహోత్రం గారు జీవుడిని గుమ్మం దగ్గర నిలబెట్టడం గురించి రాశారు. దానిపై నాకు ఒక నిజమైన సందేహం ఉంది, వాదన కోసం అడగడం లేదు.

1978 అక్టోబరు 3న కోల్‌కతాలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ కృషితో జన్మించిన పాప, 53 రోజులు శీతల స్థితిలో ఉంచిన పిండం నుంచి పుట్టింది. దుర్గాపూజల వేళ పుట్టినందుకు ఆమెను దుర్గ అని పిలిచారు. 2022లో అమెరికాలో, 1992లో ద్రవ నత్రజనిలో ఉంచిన పిండాల నుంచి కవలలు పుట్టారు. మన ఊళ్లలోని సంతాన సాఫల్య కేంద్రాల్లో నేడు ఇది నిత్యకృత్యం. వెంకటేశ్వరస్వామికి మొక్కుకుని వచ్చిన దంపతులే ఆ పిండాలను భద్రపరచుకుంటున్నారు. వాటిని ఉంచేదీ అదే మైనస్ 196 డిగ్రీలలో. ఆ ముప్పై ఏళ్లు జీవుడు ఎక్కడ ఉన్నట్లు?

అలాగే గుండె నుంచి బయలుదేరే ప్రధాన రక్తనాళమైన బృహద్ధమనికి శస్త్రచికిత్స చేసేటప్పుడు కొన్నిసార్లు రోగి శరీరాన్ని దాదాపు 18 డిగ్రీలకు చల్లబరచి, గుండెను, రక్తప్రసరణను పూర్తిగా ఆపుతాం. మెదడు విద్యుత్ సంకేతాలు కూడా నిలిచిపోతాయి. కొంతసేపటి తరువాత మళ్లీ వేడిచేస్తే, అదే మనిషి అదే జ్ఞాపకాలతో కళ్లు తెరుస్తాడు. 1999లో నార్వేలో మంచుకింద ప్రవాహంలో చిక్కుకున్న ఆనా బోగెన్‌హోల్మ్ అనే వైద్యురాలి శరీర ఉష్ణోగ్రత 13.7 డిగ్రీలకు పడిపోయింది, గుండె ఆగిపోయింది, అయినా ఆమె బ్రతికారు. గుండె ఆగడం, ప్రాణం పోవడం ఒకటి కాదని నా వృత్తి నాకు నేర్పింది. ఇవేవీ క్రయోనిక్స్‌కు రుజువులు కావు. జీవుడు దేహాన్ని వదిలే క్షణాన్ని మనం గడియారంలో చూపలేమన్నంత వరకే నా వాదన.

అగ్నిహోత్రం

డాక్టరుగారి ప్రశ్న న్యాయమైనది. పిండం విషయంలో జీవప్రవేశం ఎప్పుడన్నదానిపై శాస్త్రాలలోనే భిన్నాభిప్రాయాలున్నాయి కనుక అక్కడ నేను గట్టిగా మాట్లాడను. శస్త్రచికిత్స రోగిని మీరు తిరిగి లేపగలరని తెలిసే పడుకోబెడతారు. కానీ క్రయోనిక్స్‌లో వైద్యుడే మరణ ధ్రువపత్రం మీద సంతకం చేస్తున్నాడు. ఆ సంతకం పడ్డాక సూతకం మొదలైనట్లే. కర్మ చేసే కర్తకు అది విధి, అతని ఇష్టాయిష్టాలతో పని లేదు.

కృష్ణాతీరం

అందరికీ ధన్యవాదాలు. అగ్నిహోత్రం గారి చివరి మాట మా ప్రశ్నకు చాలా దగ్గరగా వచ్చింది. మరణ ధ్రువపత్రంలోని తేదీని బట్టే తిథి నిర్ణయించుకోవచ్చని అర్థమైంది. దహనం చేయవలసిన దేహం మన చేతిలో లేనప్పుడు మిగిలిన కర్మ ఎలా మొదలవుతుంది? వదినగారికి ఇంకో భయం కూడా ఉంది. కర్మ చేస్తే, ఆయన తిరిగి రారని తామే తీర్పు చెప్పినట్లు అవుతుందని, ఆయన నమ్మకానికి ద్రోహం చేసినట్లు అవుతుందని బాధపడుతున్నారు.

ధర్మశోధిని

రెండు ప్రశ్నలకూ ధర్మశాస్త్ర నిబంధ గ్రంథాలలో ఆధారం ఉంది.

మొదటిది. దూరదేశంలో మరణించి, దేహం గానీ అస్థులు గానీ లభించనివారికి మోదుగ ఆకులతో, దర్భలతో మనిషి ఆకారం చేసి దహనం చేసే విధి ఉంది. ఆచూకీ తెలియనివారి విషయంలో పన్నెండేళ్లు నిరీక్షించి ఆ విధిని జరిపే ఆచారమూ ఉంది. ఇక్కడ దేహం ఎక్కడ ఉందో తెలుసు కదా అన్న అభ్యంతరం వస్తుంది. కుటుంబానికి అందని స్థితిలో ఉన్నది కనుక అన్వయించవచ్చని నా అభిప్రాయం. అగ్నిహోత్రం గారు ఒప్పుకోకపోవచ్చు. దహనం ఒక్కటే గతి కాదని కూడా గుర్తుంచుకోవాలి. పసిపిల్లలకు, సన్న్యాసులకు ఖననమే విధి, మన జంగమ కుటుంబాల్లో కూర్చోబెట్టి సమాధి చేస్తారు. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామివారు 1671లో బృందావన ప్రవేశం (సజీవ సమాధి) చేశారు, ఏడు వందల ఏళ్లు అక్కడే ఉంటారని భక్తుల విశ్వాసం. యోగుల స్థితిని మామూలు గృహస్థుకు వర్తింపజేయడం లేదు, దేహం నిలిచి ఉన్నంత మాత్రాన జీవుడికి గతి లేదని మన సంప్రదాయం ఎక్కడా ఒకే మాటగా చెప్పలేదని మాత్రమే అంటున్నాను.

రెండవది వదినగారి కోసం. చనిపోయాడనుకుని కర్మ చేసిన తరువాత ఆ మనిషి సజీవంగా తిరిగి వస్తే ఏమి చేయాలో కూడా మన పూర్వులు రాసిపెట్టారు. అతనిని నేతి పాత్రలో ముంచి, పైకి తీసి స్నానం చేయించి, అప్పుడే పుట్టిన శిశువుకు చేసినట్లు జాతకర్మ మొదలుకొని సంస్కారాలన్నీ మళ్లీ చేయాలి. ఉపనయనం మళ్లీ జరగాలి. భార్య ఉంటే ఆమెనే మళ్లీ వివాహం చేసుకోవాలి. ఓడల మీద, తీర్థయాత్రల మీద వెళ్లి ఏళ్ల తరబడి జాడ లేకుండా పోయినవారు ఎందరో ఉన్న కాలంలో ఏర్పడిన విధి ఇది.

కనుక కర్మ చేయడం అంటే తిరిగి రాకూడదని తీర్పు చెప్పడం కాదు. పోయిన మనిషికి ఈ రోజు మనం చేయవలసినది చేయడం. ఆయన తిరిగి వస్తే చేయవలసినది వేరే ఉంది, దానికీ విధి ఉంది. క్రయోనిక్స్ మీద నాకున్న ఆందోళన అంతా మైనస్ 196 డిగ్రీల దగ్గర ఉన్న మనిషి గురించి కాదు. ఇంటి దగ్గర ఏ కర్మా చేయకుండా, ఏ శోకమూ ముగించకుండా ఏళ్ల తరబడి నిలిచిపోయే మనుషుల గురించి.

తర్కజ్యోతి

ధర్మశోధిని గారి చివరి వాక్యంతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఒక ఆచరణాత్మక హెచ్చరిక కూడా చేర్చాలి. 1970లలో కాలిఫోర్నియాలోని చాట్స్‌వర్త్ శ్మశానవాటిక భూగృహంలో ఉంచిన కొన్ని దేహాలు, డబ్బు ఆగిపోయి, ద్రవ నత్రజని నింపేవారు లేక చెడిపోయాయి. కుటుంబాలు న్యాయస్థానానికి వెళ్లాయి. ఇప్పటి సంస్థలు మొత్తం రుసుమును ముందే కట్టించుకునే పద్ధతికి రావడానికి అటువంటి అనుభవాలే కారణం. మిషిగన్‌లోని క్రయోనిక్స్ ఇన్‌స్టిట్యూట్ 28 వేల డాలర్ల నుంచి, ఆల్కార్ పూర్తి శరీరానికి రెండు లక్షల డాలర్లు, ఆపైన తీసుకుంటున్నాయి. భద్రపరచడం ఏ కారణం చేతనైనా నిలిచిపోతే దేహాన్ని ఎవరికి అప్పగించాలి, దహనం చేయాలా అన్న షరతును మీ అన్నయ్యగారు ఇప్పుడే రాతపూర్వకంగా తేల్చుకోవాలి.

అగ్నిహోత్రం

ఆకులతో చేసే దహనాన్ని ఇక్కడికి అన్వయించడం నాకు ఇప్పటికీ పూర్తిగా సమ్మతం కాదు. దేహం ఉన్నదని తెలిసి ప్రతిమను దహించడం శాస్త్రానికి సాగదీతే. కానీ ఆ కుటుంబం నా దగ్గరకు వస్తే వెనక్కి పంపను. సంకల్పంలో ఉన్న విషయం ఉన్నట్లు చెప్పించి, మీ గురువుగారి అనుమతి తీసుకుని, పది రోజుల కర్మ, నెలనెలా పెట్టే మాసికాలు, ఏడాదికి పెట్టే ఆబ్దికం చేయిస్తాను. తర్కజ్యోతి గారు చెప్పిన షరతు చాలా అవసరం. ఎప్పుడైనా దేహం తిరిగి కుటుంబం చేతికి వస్తే అప్పుడు యథావిధిగా దహనం చేసే బాధ్యత మనుమలకో మునిమనుమలకో అప్పగించి పెట్టండి.

కృష్ణాతీరం

ఈ చర్చనంతా వదినగారికి చదివి వినిపించాను. కర్మ చేయవచ్చునన్న మాట ఆమెకు పెద్ద ఊరట. వచ్చే ఆదివారం అన్నయ్యతో వీడియోలో మాట్లాడబోతున్నాం. మూడు విషయాలు అడగాలనుకున్నాం: తీర్థం పోసే సమయం కుటుంబానికి ఇవ్వడం, దేహం తిరిగి వస్తే దహనం చేయాలన్న షరతు రాయడం, మరణ ధ్రువపత్రం తిథికే కర్మ చేయడానికి ఆయన తన నోటితో అనుమతి ఇవ్వడం. నిమి చక్రవర్తి ప్రశ్నను మా అబ్బాయి అడుగుతానన్నాడు. ఆయన సమాధానం ఇక్కడ రాయడానికి అనుమతిస్తే రాస్తాను.